998 సీసీ మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్: కొలతలు, ఐడ్లింగ్‌లో వణుకు, ఆయిల్ తగ్గుదల

దూరప్రయాణి

అందరికీ నమస్కారం. నా దగ్గర పదకొండేళ్ల నాటి చిన్న కారు ఉంది. దాని ఇంజిన్ 998 సీసీ, మూడు సిలిండర్లు, పన్నెండు వాల్వులు, టర్బో లేదు. మీటరు 1,12,000 కిలోమీటర్లు చూపిస్తోంది. మూడు నెలలుగా బండి ఐడ్లింగ్‌లో (నిలబడి ఇంజిన్ మాత్రం తిరుగుతూ) ఉన్నప్పుడు స్టీరింగూ సీటూ మాత్రమే కాక లోపలి అద్దం కూడా వెనకాల బండి నంబరు చదవలేనంతగా వణుకుతోంది. మునుపు మూడో గేరులో తేలికగా ఎక్కిన ఎత్తుకు ఇప్పుడు రెండో గేరు వేయాల్సి వస్తోంది. దీనికి తోడు, ఆయిల్ మార్చిన 1,500 కిలోమీటర్లకే దాదాపు అర లీటరు తగ్గింది.

ఒక మెకానిక్ సైలెన్సర్ గొట్టం లోపల వేలితో తుడిచి, నల్లగా అంటుకున్నది చూపించి, "రింగులు పోయాయి, ఇంజిన్ దించాల్సిందే" అన్నారు. ఆయన ఒక్క కొలత కూడా తీయలేదు. నా సందేహాలు రెండు. ఈ ఇంజిన్ స్పెసిఫికేషన్లను చూసి దాని ఆరోగ్యాన్ని అంచనా వేయడం ఎలా? నిజంగా ఇంజిన్ దించాలా, లేక అంతకంటే ముందు చూడవలసినవి ఏమైనా మిగిలి ఉన్నాయా?

పానాపట్టు

నేను ఇరవై ఏళ్లుగా ఇంజిన్ పని చేస్తున్నాను. దూరప్రయాణి గారూ, కొలత తీయకుండా ఇంజిన్ దించడానికి ఒప్పుకోకండి. సైలెన్సర్ గొట్టంలో నలుపు ప్రతి పెట్రోల్ బండికీ ఉంటుంది. ముఖ్యంగా చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి ఎక్కువగా ఉంటుంది. దాన్నిబట్టి రింగుల (పిస్టన్ చుట్టూ ఉండి గాలినీ ఆయిల్‌నూ ఆపే కట్లు) సంగతి చెప్పలేం.

ముందు ఈ నాలుగు విషయాలు చెప్పండి. నీలి పొగ వస్తోందా, వస్తే ఎప్పుడు: రాత్రంతా నిలబెట్టి ఉదయం స్టార్ట్ చేసినప్పుడా, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడా, లేక పల్లంలో కాలు తీసి దిగి మళ్లీ తొక్కినప్పుడా? ఇంజిన్ లైటు ఎప్పుడైనా వెలిగిందా? ఇప్పుడు ఏ గ్రేడు ఆయిల్ ఉంది? వణుకు చల్లటి ఇంజిన్‌లో ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా?

మైక్రోమీటరు

పానాపట్టు గారి ప్రశ్నలకు జవాబులు వచ్చేలోగా స్పెసిఫికేషన్ల గురించి నేను రాస్తాను, ఎందుకంటే పుస్తకంలోని అంకెలు అర్థమైతే సగం భయం పోతుంది.

ఈ తరగతి ఇంజిన్లలో బాగా కనిపించే కొలత 73 మి.మీ. బోరు (సిలిండర్ వ్యాసం), 79.5 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). లెక్క వేస్తే ఒక్కో సిలిండర్‌కు సుమారు 332.7 సీసీ, మూడింటికీ కలిపి 998 సీసీ వస్తుంది. కంప్రెషన్ రేషియో (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు కుదిస్తుందో చెప్పే అంకె) 10 అనుకుంటే, పిస్టన్ పైకి చేరాక తలపైన మిగిలే చోటు 332.7ను 9తో భాగిస్తే వచ్చే 37 సీసీ మాత్రమే. అంటే రెండున్నర పెద్ద చెంచాల నీళ్లు పట్టే చోటన్నమాట. అంత చిన్న గదిలో పేరుకునే కాస్త కార్బన్ కూడా కంప్రెషన్‌ను పెంచి, ఇంజిన్ 'కొట్టుకోవడానికి' కారణమవుతుంది. పెద్ద గేరులో తక్కువ వేగంతో బలవంతంగా లాగించినప్పుడు వినిపించే ఆ గలగల శబ్దం దాని గుర్తు.

స్ట్రోకు బోరుకంటే పొడవు కాబట్టి ఇది తక్కువ ఆర్‌పీఎంలో లాగడానికి అనువైన పొందిక. అయినా 6,200 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 16 మీటర్లు దాటుతుంది. శక్తి 50 కిలోవాట్లు అని రాసి ఉంటే, 6,200 దగ్గర టార్క్ 77 న్యూటన్ మీటర్లు ఉన్నట్లు లెక్క. అదే పుస్తకంలో 3,500 దగ్గర గరిష్ఠ టార్క్ 90 న్యూటన్ మీటర్లు అని ఉంటే, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌ను ఆ 3,500 పరిసరాల్లో ఉంచాలని అర్థం. ఆ జాగాలో కూడా బండి లాగకపోతే అది అలవాటు లోపం కాదు, ఇంజిన్ లోపమే.

ఇక వణుకు సంగతి. నాలుగు స్ట్రోకుల మూడు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ప్రతి 240 డిగ్రీలకు ఒక పేలుడు జరుగుతుంది. 800 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో సెకనుకు 20 పేలుళ్లు. నాలుగు సిలిండర్లుంటే అవి దాదాపు 27 అయ్యేవి. పేలుళ్లు దూరందూరంగా పడేకొద్దీ ఆ కుదుపు ఒంటికి తెలుస్తుంది. పైగా మూడు పిస్టన్ల బలాలు పైకీ కిందికీ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నా, ఇంజిన్ ఒక కొస లేచి మరో కొస దిగే ఊగిసలాట మిగిలిపోతుంది. 1977లో దైహత్సు షరేడ్‌తో వచ్చిన 993 సీసీ ఇంజిన్‌లో దీన్ని అణచడానికే ఒక బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టారు. చాలా చిన్న ఇంజిన్లలో అది ఉండదు, ఆ భారమంతా ఇంజిన్ మౌంట్ల రబ్బరు మీద పడుతుంది. కాబట్టి కొంత వణుకు ఈ ఇంజిన్ పుట్టుకతో వచ్చిన గుణం. మీరు చెబుతున్నది మాత్రం మూడు నెలల క్రితం మొదలైనది. ఏదో మారిందని దాని అర్థం.

దూరప్రయాణి

ఇద్దరికీ కృతజ్ఞతలు. గట్టిగా తొక్కినప్పుడు వెనుక పొగ కనిపించదు. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒక చిన్న నీలి మబ్బులాంటిది వచ్చి, పది సెకన్లలో పోతుంది. ఇంజిన్ లైటు నెల కిందట రెండు రోజులు వెలిగి ఆరిపోయింది. అప్పుడు స్నేహితుడి స్కానర్‌తో చూస్తే పి 0302 అనే కోడు వచ్చింది. ఆయిల్ పుస్తకంలో చెప్పినట్లు 5డబ్ల్యూ-30. వణుకు బాగా వేడెక్కాకే ఎక్కువవుతోంది, ఏసీ వేస్తే మరీ ఎక్కువ. చల్లటి ఇంజిన్ మాత్రం మెత్తగానే తిరుగుతుంది. మెకానిక్ గారు ఈ సంగతులేవీ అడగలేదు.

పానాపట్టు

మీ జవాబులోనే దారి ఉంది. పి 0302 అంటే రెండో సిలిండర్ మిస్సింగ్, అంటే అందులో పేలుడు తప్పిపోతోంది. ఉదయం మాత్రమే వచ్చే నీలి పొగ సాధారణంగా వాల్వ్ స్టెమ్ సీళ్ల గుర్తు: రాత్రంతా ఆయిల్ బొట్టు బొట్టుగా వాల్వ్ కాడ వెంట దిగి, పొద్దున కాలిపోతుంది. రింగులు అరిగితే తొక్కినప్పుడల్లా పొగ కనిపించాలి. వేడెక్కాక పెరిగే మిస్సింగ్ నన్ను ఆలోచనలో పడేస్తోంది, దాని గురించి తరువాత రాస్తాను.

వరసగా ఇలా చేయండి. రెండో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) తీసి మూడోదానికీ, మూడోది రెండోదానికీ మార్చి తిప్పి చూడండి. కోడు పి 0303గా మారితే తప్పు కాయిల్‌ది. మారకపోతే ప్లగ్గులు కూడా అలాగే మార్చి చూడండి. ప్లగ్గులు తీసినప్పుడు వాటి మొహాలు చూడటం మరిచిపోవద్దు. లేత గోధుమ రంగు మంచిది, పొడి నలుపైతే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, తడి నలుపైతే ఆయిల్ చేరుతోంది, తెల్లగా బొబ్బలెక్కి ఉంటే వేడి మితిమీరుతోంది. మళ్లీ బిగించేటప్పుడు మొదట చేత్తోనే మర ఎక్కించండి. అల్యూమినియం హెడ్డులో (సిలిండర్ల పైన ఉండే మూత) మర చెడితే అదొక కొత్త రోగం.

తరువాత పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని గాలి దారిలోకి పంపేది) తీసి చెవి దగ్గర ఊపండి. మంచిదైతే లోపల టిక్కు టిక్కుమని కదులుతుంది. అది జిగురు పట్టి మూసుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల దగ్గర చెమరుస్తుంది. తెరుచుకుని ఇరుక్కుపోతే ఆయిల్ ఆవిరి నేరుగా ఇన్‌టేక్‌లోకి పోయి, ఆయిలూ తగ్గుతుంది, ఐడ్లింగూ చెడుతుంది. చౌకగా దొరికే ఈ చిన్న వాల్వ్‌ను చూడకుండా ఇంజిన్లు దించిన సందర్భాలు నా కళ్లారా చూశాను, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

ఆ తరువాత కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, మూడు ప్లగ్గులూ తీసేయాలి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, కాయిల్ కనెక్టర్లు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ తొక్కకపోతే గాలి అందక మంచి ఇంజిన్ కూడా రోగిష్టిలా కనిపిస్తుంది. ఈ తరగతి ఇంజిన్లలో 12 నుంచి 14 బార్ల (ఒత్తిడి కొలత) వరకు వస్తే మంచిదే, కానీ అంకెకంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అది ఒక బారు దాటకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. ఒత్తిడి గట్టిగా పెరిగితే రింగులు, కదలకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్.

నీలిపొగ

పానాపట్టు గారి క్రమం బాగుంది. ఒక మాట కలుపుతాను. రింగులు 'అరగడం', రింగులు 'అతుక్కుపోవడం' వేరు వేరు. ఘర్షణ తగ్గించడానికి ఈ మధ్యకాలపు చిన్న ఇంజిన్లలో ఆయిల్ రింగును పలుచగా, తక్కువ బిగువుతో చేస్తారు. ఆయిల్ మార్చడం ఆలస్యమైతే ఆ రింగు గాడిలోని సన్నటి రంధ్రాలు కార్బన్‌తో పూడిపోతాయి. అప్పుడు కంప్రెషన్ నిక్షేపంగా ఉంటూనే ఆయిల్ తగ్గుతుంది. ఆయిల్ తగ్గుతున్నందుకు తాత్కాలికంగా కొంచెం చిక్కటిది, 20డబ్ల్యూ-50 లాంటిది, పోసి చూడమని నా సలహా. నా పాత బండికి అది పనిచేసింది.

మైక్రోమీటరు

నీలిపొగ గారూ, రింగుల గురించి మీరన్నది నిజం, చిక్కటి ఆయిల్ సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. కార్బురేటర్ కాలపు ఇంజిన్ వేరు, ఇది వేరు. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చైన్‌ను బిగించి ఉంచేది ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనరే. చల్లటి ఉదయం 20డబ్ల్యూ-50 నెమ్మదిగా పాకి అక్కడికి చేరేలోపు చైన్ వదులుగా కొట్టుకుంటుంది. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు గలగలమనడం, తరువాత సద్దుమణగడం అందుకే. వాల్వ్ టైమింగ్ మార్చే పరికరం ఉన్న ఇంజిన్లలో దాని సన్నటి దారులూ అదే ఆయిల్‌ను నమ్ముకుని ఉంటాయి. పుస్తకం 5డబ్ల్యూ-30తో పాటు 5డబ్ల్యూ-40ని కూడా అనుమతిస్తే అంతవరకు వెళ్లవచ్చు. అది దాటితే లక్షణాన్ని దాచిపెట్టడమే అవుతుంది.

ఇంకొకటి: చిన్న ఇంజిన్ సంపులో (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పట్టేదే మూడు లీటర్ల లోపు. అందులో అర లీటరు తగ్గితే ఆరో వంతు పోయినట్లు. మిగిలిన ఆయిలే మొత్తం వేడినీ మురికినీ మోయాలి. అయిదు లీటర్లు పట్టే ఇంజిన్ ఓర్చుకునే నిర్లక్ష్యాన్ని ఇది ఓర్చుకోదు.

కూలెంటు

ఆయిల్ గురించి ఇంత మాట్లాడుతున్నారు కాబట్టి నీళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నా మొదటి ఇంజిన్‌ను నేను అలాగే పోగొట్టుకున్నాను. థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర బొటనవేలంత రబ్బరు గొట్టం ఒకటి చీలింది. క్లిప్పు కింద ఉండటం వల్ల చీలిక కనిపించలేదు, ఆకుపచ్చ మరక మాత్రం ఎండిపోయి సున్నంలా అంటుకుని ఉంది. నేను దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను, అదేమిటని ఎన్నడూ ఆలోచించలేదు. ఒకరోజు ఎత్తు ఎక్కుతుండగా బండి బలం తగ్గింది, హీటరులోంచి చల్లగాలి వచ్చింది, టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోనే నిలబడి, తరువాత కిందికి దిగింది. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరైన వేడి చెబుతుందనీ, నీళ్లు లేని చోట అది గాలినే కొలుస్తుందనీ నాకు అప్పటికి తెలియదు. ముల్లు దిగింది కదా అని నేను ఇంకో నాలుగు కిలోమీటర్లు నడిపాను. అల్యూమినియం హెడ్డు వంగిపోయింది. తీసి స్కేలు పెట్టి చూస్తే, సాధారణంగా 0.05 మి.మీ. మించకూడని వంపు దానికి నాలుగింతలు ఉంది.

హీటరులో ఉన్నట్టుండి చల్లగాలి వస్తే, ముల్లు ఏం చెప్పినా సరే, వెంటనే బండి ఆపండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత మాత్రం తెరవకండి. ఒక బారు ఒత్తిడి కింద నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి, మూత తీసిన క్షణంలో అదంతా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది.

దూరప్రయాణి

కూలెంటు గారూ, మీ అనుభవం చదివి వెళ్లి గొట్టాలన్నీ చూసుకున్నాను, అవి బాగానే ఉన్నాయి. ఇక నా ఫలితాలు.

కాయిల్ మార్చినా, ప్లగ్గు మార్చినా కోడు రెండో సిలిండర్‌లోనే ఉండిపోయింది. రెండో ప్లగ్గు అంచున కొంచెం తడి ఉంది, మిగతా రెండూ గోధుమ రంగులో ఉన్నాయి. పీసీవీ వాల్వ్ ఊపితే చప్పుడే లేదు, లోపల నల్లటి జిగురు. కంప్రెషన్ మొదటి సిలిండర్‌లో 12.6, రెండోదానిలో 10.2, మూడోదానిలో 12.5 బార్లు. రెండోదానిలో ఆయిల్ పోశాక 10.5. అంటే రింగులు కావనే కదా? మరి ఏమిటి?

పానాపట్టు

ఆయిల్ పోసినా కదలలేదంటే రింగుల మీద నింద తొలగినట్లే. ఇప్పుడు గాలి ఎటు పోతోందో వినాలి. రెండో పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైకొసకు తెచ్చి, గేరులో పెట్టి చక్రం కదలకుండా చేసి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఇవ్వండి. సైలెన్సర్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, గాలి లోపలికి వెళ్లే థ్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే గాస్కెట్.

నా అనుమానం ఎగ్జాస్ట్ వాల్వ్ మీదే. ఈ ఇంజిన్లలో చాలావాటికి సందును వాటంతట అవే సరిచేసుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉండవు, ట్యాపెట్ సందు (వాల్వును నొక్కే క్యామ్‌కూ వాల్వ్ మీది ట్యాపెట్ మూతకూ మధ్య ఖాళీ) చేత్తో కొలిచి సరిచేయాల్సిందే. ఏళ్లు గడిచేకొద్దీ వాల్వ్ తన సీటులోకి కొద్దికొద్దిగా దిగబడుతుంది, ఆ మేరకు సందు తగ్గుతుంది. గ్యాస్ మీద నడిచే బండ్లలో ఇది మరింత వేగంగా జరుగుతుంది. వేడెక్కిన వాల్వ్ సాగి, సందు పూర్తిగా పోయి, మూసుకోవాల్సిన సమయంలో వెంట్రుకవాసి తెరిచే ఉంటుంది. అందుకే మీకు చల్లటి ఇంజిన్ మెత్తగా, వేడి ఇంజిన్ మొరటుగా అనిపిస్తోంది. ట్యాపెట్ శబ్దం చేస్తే అందరూ కంగారు పడి వస్తారు. సందు తగ్గిన ట్యాపెట్ మాత్రం ఏ శబ్దమూ లేకుండా వాల్వును కాల్చేస్తుంది.

చల్లటి ఇంజిన్‌లో కవరు తీసి, క్యామ్ మొన పైకి తిరిగి ఉండగా ఫీలర్ గేజ్ (తెలిసిన మందాల సన్నటి రేకుల కట్ట) పెట్టి కొలవండి. ఇలాంటి ఇంజిన్లలో ఇన్‌టేక్‌కు 0.20 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.30 మి.మీ. పరిసరాల్లో చెబుతారు. మీ పుస్తకంలోని అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

కొత్తచోదకుడు

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నేను ఒక లీటరు టర్బో ఇంజిన్ ఉన్న కారు కొనాలనుకుంటున్నాను. దానికి కూడా ఇవే సమస్యలు వస్తాయా?

మైక్రోమీటరు

కొన్ని ఇవే, కొన్ని అదనం. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్ వెనుక భాగాన్ని కడగదు కాబట్టి అక్కడ కార్బన్ పేరుకుంటుంది. కొన్ని ఇంజిన్లలో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. ఆయిల్ గ్రేడు తప్పినా, మార్చడం ఆలస్యమైనా ఆ బెల్టు రబ్బరు పొట్టు రాలి ఆయిల్ పికప్ జల్లెడను మూసేస్తుంది. కొనేముందు అది చైనా, పొడి బెల్టా, తడి బెల్టా అని తప్పక కనుక్కోండి.

దూరప్రయాణి

పానాపట్టు గారూ, గాలి ఇచ్చి బండి వెనుక మోకాళ్ల మీద కూర్చుని గొట్టం దగ్గర చెవి పెట్టాను. సన్నగా, ఎడతెగకుండా, పాలు పొంగడానికి ముందు గిన్నె అంచున వినిపించే చప్పుడులాంటి బుస వచ్చింది. మిగతా రెండు సిలిండర్లలో ఆ శబ్దం దాదాపు లేదు.

మరునాడు ఉదయం కవరు తీశాము. రెండో సిలిండర్‌లోని రెండు ఎగ్జాస్ట్ వాల్వుల్లో ఒకదానికి సందు 0.24, రెండోదానికి 0.11 మి.మీ. వచ్చింది. 0.15 రేకు దూరనే లేదు. మొదటి, మూడో సిలిండర్ల ఎగ్జాస్ట్ సందులు 0.26, 0.28 దగ్గర ఉన్నాయి. ఇప్పుడు ఏ మందం ట్యాపెట్ తెప్పించాలి?

మైక్రోమీటరు

ఇది తేలిక లెక్క. ఇప్పుడున్న ట్యాపెట్ మందానికి కొలిచిన సందు కలిపి, అందులోంచి కావలసిన సందు తీసేయండి. 0.30 కావాలి, 0.11 ఉంది, కాబట్టి ఇప్పటిదానికంటే 0.19 మి.మీ. పలుచటిది కావాలి. 0.24 ఉన్నదానికి 0.06 పలుచటిది చాలు. పాత ట్యాపెట్ అడుగున అంకె చెరిగిపోయి ఉంటే మైక్రోమీటర్‌తోనే కొలవండి, కాలిపర్‌ను నమ్మకండి. క్యామ్ విప్పేముందు చైన్ మీదా స్ప్రాకెట్ల మీదా గుర్తులు పెట్టుకోవడం తప్పనిసరి. వాల్వులూ పిస్టన్లూ తగులుకునే ఇంజిన్లలో ఒక పన్ను తేడా కూడా ఖరీదైనదే.

పానాపట్టు

సందు సరిచేశాక కంప్రెషన్ మళ్లీ చూడండి. పన్నెండు దగ్గరకు వస్తే వాల్వ్ మొహం ఇంకా బతికే ఉన్నట్లు. పది దగ్గరే ఆగితే సీటు కాలిపోయినట్లు, అప్పుడు హెడ్డు దించి వాల్వ్ మార్చి సీటు నూరాలి. అప్పుడైనా కింది భాగం జోలికి వెళ్లనక్కర్లేదు.

దూరప్రయాణి

ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే కొంత దూరం నడిపాకే చెప్పాలనుకున్నాను. రెండు ట్యాపెట్లు మార్చాము, పీసీవీ వాల్వ్ కొత్తది వేశాము, థ్రాటిల్ బాడీ అంచున పేరుకున్న నల్లటి పొర తుడిచాము. రెండో సిలిండర్ ఇప్పుడు 12.1 బార్లు చూపిస్తోంది. వేడెక్కాక, ఏసీ వేసి ఉన్నప్పుడు కూడా లోపలి అద్దంలో వెనుక బండి నంబరు చదవగలుగుతున్నాను. ఆ ఎత్తును మళ్లీ మూడో గేరులోనే ఎక్కాను, ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం మాటల్లో పెట్టలేను.

ఆయిల్ సమతల ప్రదేశంలో, ఇంజిన్ ఆపిన పది నిమిషాల తరువాత, ప్రతిసారీ ఒకే చోట కొలిచాను. 1,500 కిలోమీటర్లకు సుమారు 200 మి.లీ. తగ్గింది. మునుపటి అర లీటరుతో పోలిస్తే సగం కంటే తక్కువ. ఉదయం నీలి మబ్బు మాత్రం ఇంకా వస్తోంది. ఆ వాల్వ్ స్టెమ్ సీళ్లు హెడ్డు దించకుండా మార్చగలమా?

పానాపట్టు

మార్చవచ్చు. వాల్వ్ స్ప్రింగ్ విప్పినప్పుడు వాల్వ్ సిలిండర్‌లోకి జారిపోకుండా ఆపడమే అందులో అసలు పని. కంప్రెసర్ గాలితో నిలబెట్టవచ్చు, కానీ మధ్యలో గొట్టం ఊడితే ప్రమాదం. నేను వాడే పద్ధతి వేరు. పిస్టన్‌ను పైకొసకు కొంచెం దిగువన ఉంచి, ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు చుట్టలు చుట్టలుగా లోపలికి తోసి, కొసను బయటే వదిలి, క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా పైకి తిప్పితే ఆ తాడు మూటలా బిగిసి వాల్వులను కింది నుంచి నొక్కి పట్టుకుంటుంది. అప్పుడు ఆ సిలిండర్ వాల్వులు నాలుగూ మూసుకునే ఉండాలి, కాబట్టి క్యామ్‌లు ముందే తీసేయాలి. స్ప్రింగ్ లాకులు విప్పేటప్పుడు చుట్టుపక్కల రంధ్రాలన్నింటినీ గుడ్డతో మూయండి, ఎందుకంటే ఆ లాకు గోరంత ఉంటుంది, ఆయిల్ దారిలో పడితే సంపు విప్పేదాకా దొరకదు. తీసిన ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ సీళ్లను కలిపేయకండి. కొన్ని ఇంజిన్లలో అవి వేరు వేరు రంగుల్లో ఉంటాయి, ఏది ఎక్కడిదో ముందే ఫోటో తీసి పెట్టుకోండి.